కాన్‌కూన్ నుంచి చిచెన్ ఇట్సాకు గైడు బస్సు మేలా, అద్దె కారు మేలా?

వానచినుకు
అందరికీ నమస్కారం. అమ్మానాన్న హైదరాబాదు నుంచి హ్యూస్టన్‌లో మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. వచ్చే నెల నలుగురం కలిసి మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తున్నాం. అందులో ఒక రోజు చిచెన్ ఇట్సాలోని మాయా అనే ప్రాచీన నాగరికత శిథిలాలకు, అదే దారిలో ఒక సెనోటేకు అనుకున్నాం. (తెలియనివారి కోసం: సున్నపురాయి నేల కుంగి, అడుగునున్న నీరు బయటపడిన సహజమైన బావిని అక్కడ సెనోటే అంటారు. ఈత కొట్టవచ్చు.) హోటల్ దగ్గర ఎక్కించుకుని రాత్రికి దింపే గైడు బస్సు మేలా, అద్దె కారు మేలా? నాన్నకు 68 ఏళ్ళు, అమ్మకు 64. అమ్మకు మోకాళ్ళ నొప్పి. వెళ్ళివచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి.

బాటసారి
కారే. ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు.

నేను నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి బస్సులో, తరువాత మూడుసార్లు కారులో. ఆ బస్సు రోజు ఎలా గడిచిందో చెబుతాను. ఉదయం 7కు హోటల్ ముందు నిలబడ్డాం. మరో ఐదు హోటళ్ళు తిరిగి ఊరు దాటేసరికి 8:30. దారిలో ఒక దుకాణం దగ్గర ఆపారు. మన పేరు మాయా లిపిలో చెక్కి ఇచ్చే వెండి బిళ్ళలు, నల్లరాతి కత్తులు, రుచి చూడమని చిన్న గ్లాసుల్లో తేనె మద్యం. అక్కడే 50 నిమిషాలు పోయాయి. ఆ తరువాత భోజనం. శిథిలాల గేటు చేరేసరికి సరిగ్గా మధ్యాహ్నం 12. ఎండ నడినెత్తిన ఉంది. గైడు మాటలకు 45 నిమిషాలు, మన ఇష్టానికి 40 నిమిషాలు. శిథిలాల నడుమ ఉన్న పెద్ద పిరమిడ్ నుంచి ఉత్తరానికి మూడు వందల మీటర్లు నడిస్తే పవిత్ర సెనోటే వస్తుంది. ఆ ఊరికి పేరు వచ్చిందే బావి వల్ల. చిచెన్ ఇట్సా అంటే ఇట్సాల (అక్కడి మాయా ప్రజల) బావి వాకిలి. దాన్ని చూడనివ్వకుండానే బస్సెక్కించారు.

కారులో వెళ్తే 8కి గేటు తీయగానే లోపల ఉంటారు. అమ్మకందార్లు అప్పటికింకా బల్లలు సర్దుకుంటూ ఉంటారు. పిరమిడ్ మెట్లకు ఎదురుగా నిలబడి ఒక్క చప్పట కొట్టండి. తిరిగి వచ్చేది చప్పట శబ్దం కాదు, పక్షి కూతలా సన్నగా జారే ధ్వని. మధ్యాహ్నం వంద మంది ఒకేసారి కొడుతుంటే అది చెవికి అందదు.

చింతచిగురు
శాకాహారులైతే బస్సువాళ్ళ బఫేలో జాగ్రత్త. బీన్స్ ముద్దలో పంది కొవ్వు వేసే అలవాటు ఉంది. అడిగి వడ్డించుకోండి.

లెక్కలమనిషి
బాటసారి గారూ, మీరు చెప్పిన 12 ఏ గడియారం ప్రకారం? కాన్‌కూన్ కింటానా రో రాష్ట్రంలో ఉంది, చిచెన్ ఇట్సా యుకాటాన్ రాష్ట్రంలో ఉంది. ఇప్పుడు ఈ రెండింటికీ గంట తేడా, కింటానా రో ముందుంటుంది. మీరు చూసింది కాన్‌కూన్ సమయమైతే అక్కడ అప్పుడు 11 గంటలే. సూర్యుడు నడినెత్తికి వచ్చేది అక్కడి గడియారంలో 12 ప్రాంతంలో.

బాటసారి
నేను ఫోను చూశాను. ఫోనులో సమయం దానంతట అదే మారుతుంది. 12 అంటే 12.

లెక్కలమనిషి
సిగ్నల్ అందితే మారుతుంది. సరే, మీ అంకెలతోనే చూద్దాం. 8:30కి ఊరు దాటారు. 200 కిలోమీటర్లకు రెండున్నర గంటలు, అంటే 11. దుకాణంలో 50 నిమిషాలు, 11:50. భోజనానికి మరో 50 వేసుకుంటే 12:40. యుకాటాన్ సమయంలో 11:40. మీ 12 ఏ గడియారంలోనూ కుదరడం లేదు.

వానచినుకు గారికి పనికొచ్చే మాట ఒకటి. పొద్దున 6కు కారులో బయలుదేరితే ఈ గంట మీకు కలిసి వస్తుంది, అక్కడి సమయం 7:30కే గేటు ముందుంటారు. తిరుగు ప్రయాణంలో అదే గంట పోతుంది. రాత్రికి ఏదైనా బుక్ చేసుకుని ఉంటే గుర్తుంచుకోండి.

బాటసారి
ఇరవై నిమిషాల తేడా పట్టుకుని నేను చెప్పిందంతా తప్పు అంటున్నారా? 11:40కి అయినా పిరమిడ్ చుట్టూ ఒక్క చెట్టు నీడ లేదు.

లెక్కలమనిషి
అంతా తప్పు అనలేదు. సమయం తప్పు అన్నాను.

మెరిదావాసి
యుకాటాన్ రాజధాని మెరిదాలో ఆరేళ్ళుగా ఉంటున్నాను. మీరిద్దరూ గంట కోసం ఇంత వాదించుకున్నారు గాని, డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో ఒక్కరూ అడగలేదు.

చిచెన్ ఇట్సా ప్రవేశానికి రెండు రుసుములు. ఒకటి దేశ పురావస్తు సంస్థకు, రెండోది రాష్ట్ర ప్రభుత్వానికి. విదేశీయులకు రెండూ కలిపి 600 పెసోలు దాటుతుంది. చౌక టూర్లు కొన్ని దీన్ని ధరలో చూపవు, బస్సెక్కాక వసూలు చేస్తాయి. ముందే అడగండి. ఆ శిథిలాలు దేశానివే అయినా, వాటి కింది నేల 2010 దాకా ఒక కుటుంబం ఆస్తి. ఆ ఏడాది రాష్ట్రం 22 కోట్ల పెసోలు పెట్టి కొన్నది. పక్కనే ఉన్న పిస్తే ఊరి మాయా కుటుంబాలు లోపల బల్లలు పెట్టుకుని చెక్క ముఖాలు, చిరుతను పోలిన జాగ్వార్ గాండ్రింపులా మోగే ఈలలు అమ్ముకుంటాయి. మన యాత్రికులు విసుక్కునేది వాళ్ళనే. వాళ్ళ తాతలు ఆ అడవి నరికి ఆ రాళ్ళు బయటికి తీసిన కూలీలు.

బస్సైనా, కారైనా నాకు ఒకటే. లైసెన్సు ఉన్న గైడు గేటు దగ్గరే దొరుకుతాడు, అతనికి నేరుగా ఇవ్వండి. సెనోటే కూడా ఊరివాళ్ళు నడిపేది చూసుకోండి. మెరిదా వైపు హోమున్ అని ఒక ఊరుంది, ఇల్లిల్లూ సెనోటేల మీద బతుకుతోంది. అక్కడ 49 వేల పందుల ఫారం వస్తే ఊరి పిల్లల పేరున కోర్టుకెళ్ళి ఆపించారు, 2021లో సుప్రీంకోర్టు కూడా ఆ ఆపుదలను సమర్థించింది. ఉత్తర యుకాటాన్‌లో నేల మీద నది అన్నదే లేదు. వాన నీరంతా సున్నపురాయిలో ఇంకిపోతుంది. మీరు ఈదే నీరూ, ఊరు తాగే నీరూ కింద ఒకటే. అందుకే సన్‌స్క్రీన్ రాసుకుని దిగవద్దంటారు.

బాటసారి
హోమున్ కాన్‌కూన్ నుంచి ఒక్క రోజులో అయ్యే పనేనా? అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి.

గోదారిగట్టు
నేను రాజమహేంద్రవరం దగ్గర ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. 2023లో మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు గైడు బస్సులోనే చిచెన్ ఇట్సా చూశాను. నాకు నచ్చింది.

మా గైడుది వయదోలిద్ దగ్గరి పల్లె. ఇంట్లో మాయా భాషే మాట్లాడతాడట. పిరమిడ్‌కు నాలుగు వైపులా 91 మెట్లు, పైన వేదిక ఒకటి, మొత్తం 365 అని చెప్పి ఊరుకోలేదు. కింద కూర్చుని తెల్లటి దుమ్ములో పుల్లతో గీశాడు. చుక్క అంటే ఒకటి. గీత అంటే అయిదు. గవ్వ అంటే సున్నా. ఇరవైకి చేరగానే పై వరుసకు వెళ్ళాలి. హున్, కా, ఓష్ అని తన భాషలో మూడంకెలు నా చేత పలికించాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు స్థాన విలువలు చెప్పాను. సున్నా మన దేశంలో పుట్టిందని ప్రతి ఏడూ చెప్పాను. సముద్రాలకు అవతల ఇంకొకరు విడిగా ఆ మాటే కనిపెట్టారని దుమ్ములో గీసి చూపిస్తే, కాసేపు లేవలేకపోయాను. కారులో వెళ్ళి ఫోను చూసుకుంటూ తిరిగితే అది నాకు దొరికేది కాదు.

బాటసారి
మీకు మంచి గైడు దొరికాడు. అందరికీ దొరకడు. మా గైడు పవిత్ర సెనోటేలోకి కన్నెపిల్లలను తోసేవారని అరగంట చెప్పాడు, బస్సులో పిల్లలు భయపడ్డారు. 2024లో డీఎన్ఏ పరీక్ష ఫలితాలు వచ్చాయి. పరీక్షించిన 64 మంది పిల్లలూ మగపిల్లలే. గైడు చెప్పింది అబద్ధమని తేలిపోయింది.

లెక్కలమనిషి
ఆ 64 మంది ఎముకలు పవిత్ర సెనోటేలోవి కావు. 1967లో అక్కడికి దగ్గర్లో నేలలోపలి నీటి తొట్టిలో దొరికినవి. సెనోటే నుంచి తీసిన వాటిలో ఆడవాళ్ళవీ మగవాళ్ళవీ పిల్లలవీ అన్నీ ఉన్నాయి. గైడు చెప్పింది తప్పే, కానీ మీరు చూపిన సాక్ష్యం దానికి పనికిరాదు.

బాటసారి
ప్రతి మాటకూ అడ్డు తగలడమే మీ పని. అసలు ఈ ప్రశ్న అడిగిందెవరు? మోకాళ్ళ నొప్పి ఉన్న తల్లిని తీసుకెళ్తున్న ఆడపిల్ల. ఆమెకు సూటిగా చెబుతున్నాను. పెద్దవాళ్ళను యాభై మందితో బస్సులో కుక్కి, జెండా పట్టుకున్న మనిషి వెనకాల పరుగెత్తించకండి. ఇక్ కిల్ లాంటి సెనోటేలో నీరు భూమట్టానికి 26 మీటర్ల కింద ఉంటుంది, తడి మెట్లు. మోకాళ్ళు బాగాలేనివాళ్ళు పైనే కూర్చోవడం క్షేమం. పిల్లలు కారులో జాగ్రత్తగా తిప్పుతుంటే పెద్దవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు కదలవచ్చు. స్వేచ్ఛ అంటే అదీ.

గోదారిగట్టు
స్వేచ్ఛ ఎవరికండీ? స్టీరింగు పట్టుకున్నవాళ్ళకు.

ఇది చెప్పాలనుకోలేదు, మీరు చెప్పించారు. అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో మూడు నెలలున్నాను. బంగారంలాంటి పిల్లవాడు, కోడలు ఇంకా మంచిది. కానీ కొత్తిమీర కట్ట కావాలన్నా శనివారం దాకా ఆగాలి. గుడికి వాళ్ళకు వీలున్నప్పుడు వెళ్ళాలి, వాళ్ళు లేచినప్పుడు లేవాలి. నడిచి వెళ్దామంటే ఆ వీధికి కాలిబాట లేదు. "అమ్మా, నీకెందుకు శ్రమ" అనే మాట రోజుకు పదిసార్లు విన్నాను. ప్రేమతోనే అన్నారు. సొంత ఊరిలో ముప్పై ఏళ్ళు ఒంటరిగా బస్సెక్కి బడికి వెళ్ళినదాన్ని.

కాన్‌కూన్‌లో పిల్లలు సముద్రం దగ్గరే ఉంటామన్నారు. నేను కిందికి దిగి, హోటల్ బల్ల దగ్గర, నా డబ్బుతో, ఒక్క టికెట్ కొనుక్కున్నాను. మూడు నెలల్లో నేను ఎవరినీ అడగకుండా చేసిన పని అదొక్కటే. మీరు చెప్పిన ఆ ఇక్ కిల్‌కే వెళ్ళాను. నాకూ మోకాళ్ళ నొప్పే. గోడ పట్టుకుని, నలుగురికి దారిచ్చి, ఒక్కో మెట్టు దిగాను. వద్దు అనడానికి పక్కన ఎవరూ లేరు. నీళ్ళు జిల్లుమన్నాయి. నల్లటి చిన్న చేపలు కాళ్ళకు తగిలాయి. తల ఎత్తితే పైన ఆకాశం బావి నోరంత గుండ్రంగా, అంచుల నుంచి వేర్లు తాళ్ళలా నీటి దాకా దిగి ఉన్నాయి. నన్ను పైనే కూర్చోమనడానికి మీరెవరు?

నిర్వాహకులు
వ్యక్తిగతంగా వెళ్ళకండి. యాత్ర గురించే మాట్లాడుకుందాం.

మెరిదావాసి
నిర్వాహకులు గారూ, ఇది యాత్ర గురించే.

బాటసారి
గోదారిగట్టు గారూ, కూర్చోమన్నది మిమ్మల్ని కాదు. అయినా నొచ్చుకున్నారు, క్షమించండి.

నా మాట కూడా వినండి. మాది అనంతపురం జిల్లా. నేను బస్సులో వెళ్ళినప్పుడు వెంట అమ్మ ఉంది. చాక్ అనే వాన దేవుడి కోసం ఆ పవిత్ర సెనోటేలో పచ్చరాళ్ళు, బంగారం, సాంబ్రాణి ముద్దలు వేసేవారని గైడు చెప్పగానే అమ్మ ఆ బావి చూడాలని పట్టుబట్టింది. మా చిన్నప్పుడు వానల కోసం కప్పతల్లి ఆట ఆడించిన మనిషి. ఆమె చేయి పట్టుకుని అటు నడుస్తుంటే గైడు వెనక్కి పిలిచాడు. సమయం లేదన్నాడు. సగం దారి నుంచి తిరిగి వచ్చాం. మరుసటి ఏడాది అమ్మ పోయింది. తరువాత వెళ్ళిన మూడుసార్లూ నేను మొదట వెళ్ళింది ఆ గట్టు మీదికే. పచ్చగా, కదలకుండా ఉంటుంది ఆ నీరు. బస్సు మీద నాకు కోపం పోదు.

గోదారిగట్టు
మీ బాధ అర్థమైంది నాయనా. కానీ ఆ బావి చూడాలన్న ఆశ మీ అమ్మగారికి కలిగించింది ఆ గైడే కదా.

బాటసారి
అవును. సగం దారిలో వెనక్కి పిలిచిందీ అతనే.

లెక్కలమనిషి
బాటసారి గారూ, 12 గంటల సంగతి నేను మళ్ళీ ఎత్తను. ఆ దుకాణంలో ఆపిన 50 నిమిషాలు లేకపోతే పిరమిడ్ నుంచి సెనోటేకు వెళ్ళి రావడానికి సరిపోయేవి. ఆ లెక్క మాత్రం మీదే కరెక్టు.

వానచినుకు గారూ, బస్సు తీసుకుంటే దుకాణంలో ఆగని టూరు ఉందేమో అడగండి. ఉంటుంది, ధర కొంచెం ఎక్కువ.

వానచినుకు
రెండు రోజులుగా ఈ చర్చ అమ్మానాన్నకు చదివి వినిపిస్తున్నాను. నిజం చెప్పాలంటే, ఇక్కడ అడగకముందు వాళ్ళిద్దరినీ అడగలేదు. నాన్న కారంటున్నారు, చీకటితోనే బయలుదేరుదామంటున్నారు. అమ్మ బస్సంటోంది. ఇంకా తేలలేదు. గోదారిగట్టు గారిని అమ్మ ఒకటి అడగమంది: నీళ్ళలోకి ఏ బట్టలతో దిగారు?

గోదారిగట్టు
పాత నూలు పంజాబీ డ్రెస్సుతో, చున్నీ పైన వదిలేసి. లైఫ్ జాకెట్ వాళ్ళే ఇస్తారు, ఇక్ కిల్‌లో అది తప్పనిసరి. దిగేముందు షవర్ కింద ఒళ్ళు కడుక్కోవాలి, తలకు నూనె కూడా పెట్టుకోవద్దని చెప్పమ్మా. జారని చెప్పులు వేసుకోమను. చివరి మెట్ల దగ్గర తొందరపడవద్దు, వెనకవాళ్ళు ఆగుతారు.