ట్యాంకు సిద్ధం కాకముందే ఆక్సోలాటిల్ ఇంటికొచ్చేసింది: ట్యాంకులో ఉంచాలా, టబ్బులోకి మార్చాలా?

నీటిబొట్టు:
మొదటిసారి పెంచుతున్నాను. తెలియక ట్యాంకునీ ఆక్సోలాటిల్‌నీ (నీళ్లలోనే బతికే సాలమాండర్ లాంటి జీవి) ఒకే రోజు తెచ్చేశాను. 150 లీటర్ల ట్యాంకు, స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి పక్కకు పడుకోబెట్టిన మట్టికుండ. ఐదో రోజు టెస్ట్ కిట్‌తో చూస్తే గొట్టంలో నీళ్లు పసుపు రంగులో ఉండాల్సింది ఆకుపచ్చగా తేలాయి. అంటే దాని మురికి నుంచి పుట్టే విషం అమ్మోనియా 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒకటి). కొందరు వెంటనే టబ్బులోకి మార్చమంటున్నారు, కొందరు అస్సలు కదపొద్దంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

చలిచెరువు:
టబ్బులోకే అండి, ఈ రోజే. అమ్మోనియాని నైట్రైట్‌గా (ఇదీ విషమే), దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా మీ స్పాంజిలో ఇంకా లేదు. అది కుదురుకోవడానికి సుమారు 4 నుంచి 8 వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఆ జీవి తన మురికిలోనే ఊపిరి తీసుకోవాలా? చర్మం మీద పొలుసు కూడా ఉండదు దానికి.

మొప్పలరాయుడు:
నేను ఒప్పుకోను. 10 లీటర్ల టబ్బు మధ్యాహ్నానికల్లా గది వేడికి వచ్చేస్తుంది. 150 లీటర్లు అంత తొందరగా వేడెక్కవు. పైగా రోజూ పట్టుకుని ఇటూ అటూ మార్చడం దానికి నరకం. ట్యాంకులోనే ఉంచి రోజూ సగం నీళ్లు మారిస్తే సరిపోదా?

చలిచెరువు:
సగం మారిస్తే 1 పోయి 0.5 మిగులుతుంది, తెల్లారేసరికి మళ్లీ పెరుగుతుంది. అదీ రోజుకి 75 లీటర్లు మోసి! టబ్బయితే 10 లీటర్లతో మొత్తం కొత్త నీళ్లు.
అసలు చిక్కు ఇంకోటుంది. ఆ బ్యాక్టీరియా 25-28 డిగ్రీల్లో చురుగ్గా పెరుగుతుంది. ఆక్సోలాటిల్‌కి కావాల్సింది 16-18. రెండూ ఒకే నీళ్లలో ఉంటే ఎవరో ఒకరు నష్టపోవాల్సిందే. ట్యాంకులో ఆక్సోలాటిల్ లేకపోతే నీళ్లు వెచ్చగా పెట్టి, బ్యాక్టీరియాకి మేతగా సబ్బూ సువాసనా కలపని అమ్మోనియా 2 పీపీఎం వరకు వేసుకోవచ్చు. వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే ట్యాంకు సిద్ధమైనట్టే. తర్వాత ఎక్కువ నీళ్లు మార్చి నైట్రేట్ 20 పీపీఎం లోపుకి దించి, చల్లబరిచి, అప్పుడు దాన్ని వదలండి.

మొప్పలరాయుడు:
ఆ వేడి సంగతి నాకు తట్టలేదు, నిజమే. కానీ టబ్బు వేడెక్కడం మాటేంటి? దానికి జవాబు రాలేదు.

వానపాము:
నేను చేసింది చెప్తాను. రెండు టబ్బులు పెట్టుకున్నాను. రెండోదాంట్లో ముందు రాత్రే నీళ్లు పట్టి, క్లోరిన్ తీసే మందు వేసి, మొదటిదాని పక్కనే ఉంచేదాన్ని. పొద్దున్నకి రెండూ ఒకే చల్లదనంలో ఉంటాయి. ఎండ ముదిరే వేళకి గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి మూత బిగించి తేలేసేదాన్ని. ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు, నీళ్లు ఒక్కసారిగా చల్లబడతాయి. మార్చేటప్పుడు వల వాడకండి, మొప్పల కుచ్చులు చిక్కుకుంటాయి. డబ్బాని నీళ్లలో ముంచి దాన్ని అందులోకి తోలితే నీళ్లతో సహా వచ్చేస్తుంది. పది సెకన్ల పని, దానికి నరకమేమీ కాదు రాయుడు గారూ :)

మొప్పలరాయుడు:
సరే, తగ్గాను. చిన్న టబ్బు కాకుండా కాస్త పెద్దదే తీసుకోమని మాత్రం అంటాను. ఎవరి దగ్గరైనా పాత ట్యాంకు నడుస్తుంటే దాని స్పాంజి మురికి (బ్యాక్టీరియా ఉండేది అందులోనే) తెచ్చి మీ ట్యాంకులో పిండితే వారాలు కలిసొస్తాయి.

చలిచెరువు:
ఆ ట్యాంకులో జబ్బుల్లేవని గట్టిగా తెలిస్తేనే. నేనైతే ఓపిక పడతాను.

నీటిబొట్టు:
టబ్బులోకి మార్చి మూడు వారాలైంది. మొదటి రెండు రోజులు తోక కొస మెలితిప్పుకుని కూర్చుంది, ఏమీ తినలేదు. మూడో రోజు వానపాముని (మీరు కాదండీ) చూడగానే నోరు తెరిచి లాగేసింది. ట్యాంకులో అమ్మోనియా తగ్గింది కానీ నైట్రైట్ గొట్టం ముదురు ఊదా రంగుకొచ్చింది. ఏదైనా పాడైందా?

చలిచెరువు:
ఏం పాడవలేదు. మొదటి జట్టు బ్యాక్టీరియా వచ్చింది, రెండోది ఇంకా పుంజుకోవాలి. అందాకా టబ్బులోనే.