సీతాఫలం చెట్టు మొత్తం ఆకు రాల్చింది, చచ్చిపోయినట్టేనా?

జడ్చర్ల సభ్యురాలు:
అందరికీ నమస్తే. మా పెరట్లో బాలానగర్ సీతాఫలం చెట్టు ఉంది. దసరాకు బాగానే కాసింది. సంక్రాంతి దాటినప్పటి నుంచి ఆకులు పసుపుపచ్చబడి రాలుతూ ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు. రెండు కాయలు నల్లగా మాడి కొమ్మకే వేలాడుతున్నాయి. రోజూ బకెట్ నీళ్లు పోస్తున్నా. యూరియా వేస్తే తేరుకుంటుందా? కొట్టేయమని పక్కింటాయన ఒకటే పోరు. టెన్షన్‌గా ఉంది.

దేవరకొండ రైతు:
అక్కా, కొట్టేయకండి. ఈ నెలల్లో సీతాఫలం ఇట్లనే ఉంటుంది. చలి ఉండి, నేలలో తడి తగ్గినప్పుడు ఆకులుంటే వాటిలోంచి నీళ్లు పోతూనే ఉంటాయి. అందుకే ఆకులోని సత్తువ కొంత వెనక్కి లాక్కుని చెట్టు దాన్ని వదిలేస్తుంది. తిండి కాండంలో, వేర్లలో దాచుకుంటుంది.

అనుమానంగా ఉంటే ఒక కొమ్మ మీద గోరుతో తొక్క గీకండి. కింద పచ్చగా, తడిగా కనిపిస్తే బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి గీకండి, కొసలు ఎండినా మొదలు బతికుండొచ్చు.

ఆకు ఊడిన చోట మచ్చను కూడా దగ్గరగా చూడండి. చాలా చెట్లకు మొగ్గ ఆకూ కొమ్మా కలిసే సందులో బయటికే కనిపిస్తుంది. సీతాఫలానికి మాత్రం తొడిమ అడుగున దాక్కుని ఉంటుంది. తొడిమ ఊడితేనే దానికి దారి. మీరు భయపడుతున్న ఆకురాలుడు లేకుంటే అసలు చిగురే రాదు!

రోజూ నీళ్లు ఆపండి. ఆకు లేని చెట్టు తాగేది చాలా తక్కువ, వేరు కుళ్లుతుంది. యూరియా ఇప్పుడు అస్సలు వద్దు. మాడిన కాయలు తెంపి దూరంగా పారేయండి, తెగులు వాటిలోనే దాగుంటుంది. చిగురుకు ముందే ఎండుపుల్లలు కత్తిరించండి. పూత ఎక్కువగా కొత్త రెమ్మల మీదే వస్తుంది.

నకిరేకల్ సభ్యుడు:
అన్నా, మరి మా బత్తాయి ఆకు రాల్చదు కదా? దానికీ నీళ్లెందుకు ఆపమంటారు?

దేవరకొండ రైతు:
బత్తాయి పచ్చగానే ఉంటుంది తమ్ముడూ, చలికీ బెట్టకూ (అంటే నీటి ఎద్దడికి) ఎదుగుదల ఆపుతుంది, అంతే. బెట్ట ఇచ్చి, ఆకు కాస్త వాడుముఖం పట్టాక ఎరువు వేసి తడి ఇస్తే పూత ఒక్కసారిగా వస్తుంది. చల్క (ఎర్ర ఇసుక) నేలలో తొందరగా బెట్టకొస్తుంది, నల్లరేగడిలో ఆలస్యం. ఆకులన్నీ రాలేదాకా మాత్రం ఆపొద్దు.

మహబూబ్‌నగర్ సభ్యుడు:
ఆన్‌లైన్‌లో ఆపిల్ మొక్క కొన్నా, ఇక్కడ కాస్తుందా?

దేవరకొండ రైతు:
మామూలు ఆపిల్ మొగ్గ నిద్ర లేవాలంటే సుమారు 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి. పాలమూరులో అంత చలి ఎక్కడిది? తక్కువ చలి చాలే రకమైతేనే ఆశ పెట్టుకోండి.

జడ్చర్ల సభ్యురాలు:
గీకి చూశా, పచ్చగానే ఉంది! పక్కనే మల్లె కూడా ఉంది, దానికీ నీళ్లు ఆపాలా?

దేవరకొండ రైతు:
కొన్నాళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించండి అక్కా. తర్వాత పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టండి. ఎండాకాలం పూలకు ఇదే అదను.