కవరు, కర్చీఫు, పార్శిలు... కప్పే మాటలు, చుట్టే మాటలు

మొన్నాదివారం విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజార్లో మా అక్క కొడుకుతో ఓ తమాషా జరిగింది. వాడు పుట్టిందీ పెరిగిందీ అమెరికాలోనే, సెలవులకొచ్చాడు. వంకాయలమ్మే ఆవిడ "కవర్లేదు బాబూ, సంచి తెచ్చుకోనేదేటి" అంటే తెల్లమొహం వేసేడు. వాడికి కవరంటే మూత, లేదా పుస్తకం అట్ట. మనకేమో కూరగాయల ప్లాస్టిక్ సంచీ కవరే, ఉత్తరం పెట్టేదీ కవరే. ఇంగ్లీషుని పాడుచేసేసారు మామయ్యా అని ఇంటికొచ్చేదాకా ఒకటే గోల.

ఉత్తరం కవరు విషయంలో మాత్రం తప్పు మనది కాదు, అది ఇంగ్లీషులోనే ఉన్న పాత వాడుక, స్టాంపులు దాచేవాళ్ళు ఇప్పటికీ ఫస్ట్ డే కవర్ అనే అంటారు కదా. ప్లాస్టిక్ సంచీ సంగతి మన పనే, ఒప్పేసుకుంటున్నా.

అసలు ఆ మాట లాటిన్లో కోఓపెరీరె, అంటే మొత్తం కప్పెయ్యడం, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకొచ్చింది. దాని సంతానం చూడండి. కర్ఫ్యూ అంటే పాత ఫ్రెంచిలో కువ్రెఫ్యూ, నిప్పు కప్పు అని. రాత్రి గంట కొట్టగానే ఇళ్ళు అంటుకోకుండా పొయ్యిలో నిప్పు కప్పెట్టి పడుకోవాలన్నమాట. మా నాయనమ్మ కూడా రోజూ నిప్పుల మీద బూడిద కప్పేది, కాకపోతే ఆవిడ బాధ పొద్దున్నకి నిప్పు మిగలాలని.

కర్చీఫు ఇంకా బావుంటుంది, కువ్రెచీఫ్, తల కప్పే గుడ్డ. ఇంగ్లీషోళ్ళు దాన్ని చేతిలోకి తెచ్చుకుని ముందు హ్యాండ్ తగిలించారు, అంటే చేతి తలగుడ్డ అయింది, మనం ఆ హ్యాండ్ తీసి పారేసి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో సింహాచలం బస్సు ఆగీ ఆగకుండానే కిటికీలోంచి సీటు మీదకి విసిరేం. తల మీదది సీటు మీదకొచ్చింది.

ఎన్వలప్, డెవలప్ కూడా అక్కచెల్లెళ్ళే, ఒకటి చుట్టడం, రెండోది చుట్టింది విప్పడం. డెవలప్‌మెంట్‌ని అభివృద్ధి అని గంభీరంగా అంటాం గానీ లోపలున్నది పొట్లం విప్పడమే. డిస్కవర్ కూడా అంతే, కప్పింది తియ్యడం. మన సింహాద్రి అప్పన్నకి ఏడాదంతా చందనం కప్పే ఉంటుంది, అక్షయ తృతీయ నాడు అది ఒలిచి నిజరూపం చూపిస్తారు. మావాడికి డిస్కవర్ అంటే అదిరా అని చెప్తే అప్పుడు కాస్త తగ్గాడు.

— మేస్టారూ, మరి పార్శిల్? మా ఇంట్లో ఇడ్లీ పార్శిల్ లేకుండా రోజు గడవదు 😀

— అందులో చుట్టడం అన్నదే లేదమ్మా. లాటిన్లో చిన్న ముక్క అని అర్థం, పార్ట్‌కి చుట్టం. స్థలాల లెక్కల్లో ల్యాండ్ పార్శిల్ అంటారే, అదీ పాత అర్థం. ముక్కని కాగితంలో చుట్టిస్తే కాగితం పేరే పార్శిల్ అయిపోయింది.

— చుట్టం అన్నారు కాబట్టి అడుగుతున్నా, చుట్టూ ఉండేవాడు కాబట్టేనా చుట్టం?

— అవును, తమిళంలో కూడా సుట్రు అంటే చుట్టు, సుట్రం అంటే బంధువులు.

— చుట్ట కూడా కలపండి సార్. ఇంగ్లీషు చెరూట్ తమిళం శురుట్టు నుంచే పోయిందట, అదీ చుట్టేదే. మా అమ్మమ్మది భీమిలి వేపు, అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. దానికి ఇంగ్లీషులో మాటేటైనా ఉందా?

— డాక్టర్లు రివర్స్ స్మోకింగ్ అని రాస్తారు. అంగిట్లో కేన్సర్ వస్తుందని మన కేజీహెచ్ పెద్దాసుపత్రిలో ఎవర్నడిగినా చెప్తారు, మాట సంగతి తర్వాత, మానిపించారా లేదా?

— మానిపించడానికి మా తాత వల్లే కాలేదు సార్. నిప్పు కప్పడం ఆవిడకి అలాగే తెలుసు.