పాత కారులో హ్యాండ్స్‌ఫ్రీ: నాకు బాగానే వినిపిస్తోంది, అవతలివారికే నా మాట అర్థం కావడం లేదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా నాన్నగారు చాలా ఏళ్లు నడిపిన 2003 నాటి కారును ఇప్పుడు నేను వాడుతున్నాను. అందులోని స్టీరియోలో ఎఫ్‌ఎం రేడియో, క్యాసెట్ ప్లేయర్ మాత్రమే ఉన్నాయి. బ్లూటూత్ గానీ, ఫోన్‌ను వైరుతో కలిపే ఆక్స్ సాకెట్ గానీ లేవు. అందుకని సిగరెట్ లైటర్ సాకెట్‌లో అమర్చే, ఫోన్ శబ్దాన్ని కారు రేడియోకు పంపే బ్లూటూత్ ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ ఒకటి కొన్నాను. పాటలు బాగానే వస్తున్నాయి. ఫోన్ వచ్చినప్పుడు అవతలివారి మాట కూడా కారు స్పీకర్లలో చక్కగా వినిపిస్తోంది. చిక్కంతా వారి వైపే ఉంది. నా గొంతు నూతిలోంచి వస్తున్నట్టు ఉందని, పైగా వారి మాటలే కాసేపటికి వారికి తిరిగి వినిపిస్తున్నాయని అందరూ చెబుతున్నారు. దాంతో నేను గేర్ రాడ్ వైపు వంగి, గొంతు పెంచి, ఒక్కో మాటను రెండేసి సార్లు చెప్పవలసి వస్తోంది. ఆ క్షణాల్లో నా దృష్టి రోడ్డు మీద ఉండటం లేదని నాకే తెలుస్తోంది. ఏ ప్రమాదం రాకూడదని ఈ పరికరం కొన్నానో, అదే దీని వల్ల వచ్చేలా ఉంది. నాన్నగారి చేతి గుర్తుగా ఉన్న ఆ స్టీరియోను తీసేయడం నాకు ఇష్టం లేదు. దాన్ని ఉంచుకుంటూనే దీన్ని చక్కదిద్దే మార్గం ఉందా?

మొదటి జవాబు

మీ ట్రాన్స్‌మిటర్ చెడిపోలేదండి, దాని మైకు ఉండకూడని చోట ఉంది. సిగరెట్ లైటర్ సాకెట్ మీ మోకాళ్ల దగ్గర ఉంటుంది, మీ నోరు ఎదుటి అద్దం వైపు ఉంటుంది. ఆ మైకుకు మీ గొంతు కన్నా ఇంజన్ రొద, టైర్ల హోరు, ఏసీ గాలి ఎక్కువగా చేరతాయి. ప్రతిధ్వనికి కారణం వేరు. అవతలివారి మాట మీ స్పీకర్లలోంచి వచ్చి, మళ్లీ అదే మైకులో పడి, వారి దగ్గరకే తిరిగి వెళ్తోంది. దీన్ని తొలగించే ఏర్పాటు ట్రాన్స్‌మిటర్‌లో ఉండవచ్చు, కానీ తాను రేడియోకు పంపిన శబ్దాన్ని స్టీరియో ఎంతగా పెంచిందో దానికి తెలియదు. మీరు వాల్యూమ్ బాగా పెంచినకొద్దీ అది చేతులెత్తేస్తుంది. కాబట్టి మాట్లాడేటప్పుడు స్టీరియో వాల్యూమ్‌ను వినపడే మేరకే ఉంచి చూడండి. ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది. గొంతు స్పష్టత మాత్రం మైకు చోటు మారితే తప్ప మెరుగుపడదు.

ఈ ట్రాన్స్‌మిటర్లు రేడియో వాడే 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్యలోనే పనిచేస్తాయి. మీరు ఎంచుకున్న ఫ్రీక్వెన్సీలోనే దారిలో మరో స్టేషన్ తగిలితే మాట మధ్యలో గరగర వస్తుంది. దూర ప్రయాణాలు ఎక్కువగా చేసేవారికి నేను దీన్ని సిఫారసు చేయను.

రెండవ జవాబు

స్టీరియోను కదపకూడదన్నది మీ నియమం కనుక, సన్ వైజర్‌కు క్లిప్పుతో తగిలించే బ్లూటూత్ స్పీకర్‌ఫోన్ మీకు సరిపోతుందని నా గట్టి అభిప్రాయం. దానికి సొంత బ్యాటరీ, మైకు, స్పీకర్ ఉంటాయి. కారు వైరింగుతో పని లేదు. మైకు మీ నోటికి దగ్గరగా ఉంటుంది. తన స్పీకర్‌లోంచి ఎంత శబ్దం వస్తోందో దానికే తెలుసు కనుక ప్రతిధ్వనిని కూడా బాగా అదుపు చేయగలదు. దాని స్పీకర్ చిన్నది, పాటలకు పనికిరాదు. పాటలకు మీ ట్రాన్స్‌మిటర్ ఎలాగూ ఉంది. కాల్స్ ఒకదానికి, పాటలు మరొకదానికి వెళ్లేలా ఫోన్ బ్లూటూత్ సెట్టింగులలో విడివిడిగా పెట్టుకోవచ్చు. ట్రాన్స్‌మిటర్ పేరు కింద కాల్స్ అనే మీటను ఆపేస్తే చాలు.

ఆ మీట వెనక ఉన్న సంగతి తెలుసుకుంటే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. బ్లూటూత్‌లో కాల్స్‌కు హెచ్‌ఎఫ్‌పీ అనే పద్ధతి, సంగీతానికి ఏ2డీపీ అనే మరో పద్ధతి ఉన్నాయి. కొన్ని పాత కార్లలో కంపెనీయే ఇచ్చిన బ్లూటూత్‌కు మొదటిదే వస్తుంది, అందుకే వాటిలో కాల్స్ వస్తాయి గానీ పాటలు రావు. మైకు లేని కొన్ని చిన్న రిసీవర్లకు రెండవదే వస్తుంది, కాబట్టి పాటలు వినిపిస్తాయి గానీ కాల్ మాత్రం ఫోన్‌లోనే మోగుతుంది. కొనేటప్పుడు పెట్టె మీద ఈ రెండు పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. హెచ్‌ఎఫ్‌పీ 1.6 లేదా ఆపై వెర్షన్ అని ఉంటే ఇంకా మంచిది. పాత పద్ధతిలో గొంతును సెకనుకు 8,000 సార్లు నమూనా తీసి పంపితే, 2011లో వచ్చిన ఈ వెర్షన్ నుంచి 16,000 సార్లు తీసే వీలు కలిగింది. స, శ, ఫ వంటి అక్షరాలు విడివిడిగా వినిపించడంలో ఆ తేడా తెలుస్తుంది.

మూడవ జవాబు

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. రోజూ గంటలకొద్దీ కారులో ఉండేవారికి సన్ వైజర్ స్పీకర్ చాలదు. హైవే వేగంలో కిటికీ కొంచెం దించినా దాని శబ్దం వినపడదు. స్టీరియో మార్చడమంటే పాతదాన్ని పారేయడం కాదు. అలాంటి కార్లలో చాలావాటికి ఉండేది సింగిల్ డిన్ కొలత, అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. అదే కొలతలో, విడి మైకుతో వచ్చే బ్లూటూత్ స్టీరియోలు దొరుకుతాయి. మీ కారుకు సరిపోయే అడాప్టర్ వైరు తీసుకుంటే ఒక్క వైరును కూడా కోయనవసరం లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు నాన్నగారి స్టీరియోను తిరిగి పెట్టుకోవచ్చు. తీసే ముందు దానికి రహస్య కోడ్ ఉందేమో కారు పుస్తకంలో చూసుకోండి. కరెంటు తెగాక కొన్ని స్టీరియోలు ఆ కోడ్ లేనిదే పనిచేయవు.

నా కారులో కొత్తది పెట్టినప్పుడు, తాళం తీసిన ప్రతిసారీ జత చేసిన ఫోన్‌ను అది మరచిపోయేది. కారణం చాలా చిన్నది. పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపు వైరుకు తాళం తిప్పితేనే రావాలి; నా కారులో ఆ రెండూ తారుమారుగా ఉన్నాయి. రెండింటినీ మార్చి కలిపాక ఆ బాధ తప్పింది.

మైకును అద్దం పక్కన ఉన్న స్తంభం పైభాగంలో గానీ, స్టీరింగ్ వెనక కవరు మీద గానీ, ఏసీ గాలి తగలని చోట పెట్టించండి. ఆ స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటే మైకును గానీ, దాని వైరును గానీ దాని ముందు నుంచి పోనివ్వకండి. ఈ ఒక్క విషయంలో మెకానిక్ పక్కనే నిలబడి చూడటం అవసరం.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ముందు వాల్యూమ్ తగ్గించి చూశాను, ప్రతిధ్వని దాదాపు పోయింది, నూతి గొంతు మాత్రం పోలేదు. ఆ తర్వాత మిత్రుడి సన్ వైజర్ స్పీకర్ అరువు తెచ్చుకుని, కారు ఆపి ఉన్నప్పుడు ఒకసారి, పక్క సీటులో తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని నడుపుతూ ఒకసారి, అమ్మతో మాట్లాడాను. రెండోసారి కారు కదులుతున్నట్టు ఆమెకు తెలియలేదట. నా ప్రయాణాలు చిన్నవి కాబట్టి అదే కొనుక్కుంటాను. నాన్నగారి స్టీరియో ఉన్నచోటే ఉంటుంది.

రెండవ జవాబు ఇచ్చినవారు

సంతోషమండి. ఎండలో కారు నిలిపి వెళ్లేటప్పుడు దాన్ని వైజర్ మీదనే వదిలేయకండి. అద్దం వెనక వేడికి అందులోని లిథియం బ్యాటరీ త్వరగా పాడవుతుంది, ఉబ్బే ప్రమాదం కూడా ఉంది. దిగేటప్పుడు తీసి వెంట తీసుకెళ్లండి.