Re: రిక్రూటింగ్ క్లాస్ ర్యాంకుల గోల ఏంటి? (డాలస్‌కి కొత్త)

తమ్ముడూ, మీ మేనేజర్ తన కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ క్లాస్‌కి (ఏటా హైస్కూల్ నుంచి తీసుకునే కొత్త ఆటగాళ్ల బ్యాచ్) మూడో ర్యాంకు అంటుంటే ఆ గోలేంటని అడిగావు కదా. నేనొచ్చిన కొత్తలో ఒక ఫిబ్రవరి బుధవారం మా ఆఫీసులో సగం మంది ఫోన్లలోంచి తలెత్తలేదు. లేఆఫ్‌లేమో అని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే సైనింగ్ డే, అంటే ఆ కుర్రాళ్లు కాలేజీలతో సంతకం చేసే రోజు! 2017 నుంచి ఆ సందడి చాలావరకు డిసెంబర్‌కి మారింది.

ముందు ఒకటి తెలుసుకో. కమిట్ (ఫలానా కాలేజీకి వస్తానని నోటిమాట ఇవ్వడం) అంటే తాంబూలాలు, సంతకం అంటే తాళి. డిసెంబర్ దాకా ఏ ర్యాంకునీ నమ్మకు.

మీ మేనేజర్ చెప్పే "మూడో ర్యాంకు" మొత్తం పాయింట్లది. ఎక్కువమందిని తీసుకుంటే పాయింట్లు పెరుగుతాయి. అందుకే ఈ ర్యాంకులిచ్చే 247స్పోర్ట్స్ సైట్‌లో ఒక్కో ఆటగాడి సగటు రేటింగ్ కాలమ్ చూడు. మనూళ్లో కార్పొరేట్ కాలేజీ హోర్డింగ్ మీద టాపర్ ఫొటో చూసి చేరిపోయేవాళ్లం కదా, మిగతా వందమందికి ఎంతొచ్చిందో ఎవరూ అడగలేదు. ఇక్కడ అడుగు.

కుర్రాళ్లకిచ్చే రేటింగ్‌లో అన్నిటికంటే పైనుండే ఫైవ్ స్టార్లు దేశం మొత్తం మీద ఏటా ముప్పై మంది చిల్లరే. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండ్‌లో 32 మందిని తీసుకుంటారు కాబట్టి ఆ లెక్క. అందుకే ఇక్కడివాళ్లు బ్లూ చిప్ రేషియో చూస్తారు: గత నాలుగు క్లాసుల్లో సగానికి మించి ఫోర్, ఫైవ్ స్టార్లు ఉన్నారా లేదా అని. చాలా ఏళ్లుగా టైటిల్ కొట్టిన టీములు దాదాపు అన్నీ ఆ గీత దాటినవే.

దాటితే గెలుస్తారనేం లేదు. 2022లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ క్లాస్‌కి నంబర్ వన్ ర్యాంకు. ఆ సీజన్‌లో 5 గెలుపులు, 7 ఓటములు. తర్వాత ఆ పిల్లల్లో చాలామంది ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) పట్టుకుని వెళ్లిపోయారు. (మీ ఆఫీస్ టీమ్‌లో ఆగీలు, అంటే ఆ కాలేజీవాళ్లు, ఉంటే ఈ మాట ఎత్తకు.) అటు 2017లో అలబామా తీసుకున్న మ్యాక్ జోన్స్ త్రీ స్టారే. 2020లో టైటిల్ తెచ్చాడు.

నేనైతే స్టార్ల కంటే ఏయే కాలేజీలు ఆఫర్లిచ్చాయో చూస్తాను. త్రీ స్టార్ కుర్రాడి కోసం జార్జియా, ఒహాయో స్టేట్ లాంటి పెద్ద టీములు కూడా వెంటపడ్డాయంటే అతనిలో విషయం ఉన్నట్టే. కోచ్‌లు ఊరికే విమానం ఎక్కరు.

> అన్నా, మరి పోర్టల్‌లో వచ్చేవాళ్ల లెక్క?

అది విడిగా చూడాలి. 2023లో ఇండియానా 3 మ్యాచ్‌లే గెలిచింది. కొత్త కోచ్ సిగ్నెట్టీ తన పాత టీమ్ జేమ్స్ మాడిసన్ నుంచి డజనుకి పైగా ఆటగాళ్లను వెంట తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది 11 గెలిచారు. హైస్కూల్ క్లాస్ ర్యాంకులో అదంతా కనపడదు.

సోమవారం లంచ్‌లో మీ మేనేజర్‌ని "ఓ-లైన్‌కి (అఫెన్సివ్ లైన్, దాడిలో ముందు వరసలో నిలబడి అడ్డుకునేవాళ్లు) ఎంతమంది వచ్చారు?" అని ఒక్క ముక్క అడుగు. ఆయన చెప్పడం పూర్తయ్యేలోపు నీ పెరుగన్నం అయిపోతుంది.