కొత్త మెట్రో, కొంచెం చూపు: ఎలా అలవాటు చేసుకున్నారు?

పక్కచూపు
మా వైపు కొత్తగా మెట్రో మొదలైంది. ఇన్నాళ్ళూ బస్సే. బస్సులో ఏ కమ్మీ ఎక్కడుంటుందో చేతికి తెలుసు, కండక్టర్లందరికీ నేను తెలుసు. ఇప్పుడు ఆ బస్సులు తగ్గించేశారు. నాకు స్టార్‌గార్డ్, అంటే మధ్య చూపు పోయే కంటి జబ్బు. ఎదుటి మనిషి ముఖం కనబడదు గానీ వాళ్ళ చెప్పులు కనబడతాయి. తెల్లకర్ర వాడను. ఏ ప్లాట్‌ఫాం ఎటు వెళ్ళే రైలుదో బోర్డు చదవలేను. టికెట్ మెషీన్ మొత్తం టచ్‌స్క్రీన్. గేటు దగ్గర టికెట్ ఎక్కడ చూపించాలో వెతుక్కునేలోపు వెనక జనం సణుగుతారు. లిఫ్టు ఎక్కడో దాక్కుని ఉంటుంది. మీరంతా ఎలా అలవాటు చేసుకున్నారు? "ఎవరినైనా తోడు తీసుకెళ్ళు" అని మాత్రం రాయకండి, ఆ సలహా ఇంట్లో రోజూ వింటున్నా.

సొరంగం
బోర్డుల సంగతి తర్వాత. అసలు గండం మెట్ల దగ్గర. నాకు ఆర్‌పీ (రెటినైటిస్ పిగ్మెంటోసా), అంటే పక్కల చూపు పోయి, చీకట్లో కనబడని కంటి జబ్బు. ఎండలోంచి అండర్‌గ్రౌండ్ స్టేషన్‌లోకి దిగితే కాసేపు అంతా చీకటే. ఓ కళ్ళద్దాల షాపులో నాకు ఎండలో నల్లబడి నీడలో తెల్లబడే అద్దాలు అంటగట్టారు. అవి తెల్లబడటానికే నిమిషాలు పడుతుంది. ఆలోపు మెట్లు దిగేసైనా ఉంటాం, పడిపోయైనా ఉంటాం. ఇప్పుడు ముదురు పసుపు ఫిల్టర్ అద్దాలు, ముందు అంచున్న టోపీ వాడుతున్నా. లోపలికి రాగానే గోడ పక్కకి జరిగి, రెండూ తీసేసి, కళ్ళు కుదురుకునేదాకా నిలబడతాను. ఎవరు తోసుకుపోయినా సరే.

జూమ్‌రాజా
బోర్డులు చదవడం గురించి ఈ ఫోరంలో సగం మందికి నేర్పింది నేనే, కొత్తవాళ్ళ కోసం మళ్ళీ చెబుతున్నా. ఫోన్ కెమెరాతో ఫొటో తీసుకుని పక్కకి వచ్చి పెద్దది చేసి చూడండి. మామూలు బోర్డుకి ఇది చాలు. రైలు టైము చూపించే ఎల్‌ఈడీ బోర్డుకి మాత్రం ఫొటో పనికిరాదు, సగం గీతలు మాయమవుతాయి. ఆ లైట్లన్నీ ఒకేసారి వెలగవు, వరసలు వరసలుగా చాలా వేగంగా వెలిగి ఆరుతుంటాయి. కన్ను పట్టుకోలేదు, కెమెరా పట్టేస్తుంది. అందుకే చిన్న వీడియో తీసి ఆపి, ముందుకీ వెనక్కీ జరపండి. ఏదో ఒక చోట అక్షరాలు నిండుగా దొరుకుతాయి. బార్సిలోనా మెట్రోలో అయితే నావీలెన్స్ అని రంగుగళ్ళ కోడ్లు అతికించారు. ఫోన్‌ని సరిగ్గా గురిపెట్టక్కర్లేదు, దూరం నుంచే చదివి ఎటు వెళ్ళాలో చెబుతుంది. మనకి అది లేదు కాబట్టి జూమే దిక్కు. అందరికీ పనిచేస్తుంది.

సొరంగం
"అందరికీ" అనకండి రాజా గారూ. జూమ్ చేస్తే నాకు ఒక్క అక్షరమే కనబడుతుంది. నాకున్నది మధ్యలో చిన్న గుండ్రం. బోర్డుకి దూరంగా జరిగితేనే పదం మొత్తం ఆ గుండ్రంలో పడుతుంది. జనం "దగ్గరికెళ్ళి చూడు" అంటారు, నేను వెనక్కి నడుస్తాను. అడిగినాయనకి నాకున్నదానికి తలకిందులు. ఆయనకి మధ్యలోనే లేదు, పెద్దది చేస్తేనే పని జరుగుతుంది, చూపు కాస్త పక్కకి తిప్పి చదవాలి. ఒకరి మందు ఇంకొకరికి రాయకండి.

జూమ్‌రాజా
నేను మందు రాయలేదు, ఫోన్ వాడమన్నాను. అంతే.

చేతికర్ర
ఫోనూ బోర్డూ పక్కన పెట్టండి. ఇది చదవండి ముందు. కోచ్‌కీ కోచ్‌కీ మధ్య ఉండే ఖాళీ మసక చూపుకి తెరిచిన తలుపులాగే ఉంటుంది. అటూ ఇటూ మెరిసే గోడ, మధ్యలో నల్లగా. అక్కడ కాలు పెడితే పట్టాల మీదే. పూర్తిగా చూపు లేనివాళ్ళు కర్రతో తడుముతారు కాబట్టి నేల లేదని తెలుస్తుంది. మనం "కనబడుతోందిగా" అని నడిచేస్తాం. మిగిలిన చూపే మోసం చేసే చోటు ఇది. అమెరికా నిబంధనల్లో ఆ ఖాళీకి అడ్డం పెట్టాలని ఉంది. మన ప్లాట్‌ఫాం మీద గాజు తలుపులుంటే గొడవ లేదు. లేకపోతే కర్ర మొన లోపలి నేలకి తగిలాకే అడుగు వేయండి. కర్ర కొనండి, అయ్యా. సిగ్గు తర్వాత పడొచ్చు.

నాదారినాది
కర్ర కొనండి, కర్ర కొనండి! ఏ చర్చలో అడుగుపెట్టినా ఇదే పాట. ఆయన కర్ర వాడనని మొదట్లోనే రాశారు. కాలేజీ చదివి ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని, కర్ర పట్టుకోగానే చెయ్యి పట్టి లాగేస్తారు, అడక్కుండానే చిల్లర పెట్టేస్తారు. నా చేతిలో పెట్టారు కూడా.

చేతికర్ర
నాకూ పెట్టారు, తిరిగిచ్చేశాను. పట్టాల మీద పడితే మాత్రం తిరిగిచ్చేది ఏమీ ఉండదు.

నాదారినాది
భయపెట్టి అమ్మకండి.

చేతికర్ర
నేను కర్రల షాపు పెట్టలేదు తమ్ముడూ.

శిక్షకుడు_పాత
కాస్త తెలిసిన మాట చెబుతాను, చూపు తక్కువైనవాళ్ళకి నడక నేర్పడమే నా వృత్తి కాబట్టి. కర్ర అంటే ఒకటే రకం కాదు. నేలని తడిమే పొడుగు కర్ర వేరు. ఎదుటివాళ్ళకి తెలియడానికి చేతిలో పట్టుకునే పొట్టి గుర్తింపు కర్ర వేరు. తెలుపు రంగు కథ 1921లో బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్ చూపు పోయాక వాహనాలవాళ్ళకి కనబడాలని తన కర్రకి తెల్లరంగు వేసుకోవడంతో మొదలైంది. 1931లో పారిస్‌లో దాన్ని ఉద్యమంలా పంచారు. తెలుపు మీద ఎర్ర పట్టీలుంటే చాలా దేశాల్లో వినికిడి కూడా లేదని అర్థం. మన లాంటి లో విజన్ వాళ్ళకి అర్జెంటీనాలో ఆకుపచ్చ కర్ర ఉంది, 2002లో చట్టం కూడా చేశారు. "కొంచెం కనబడుతుంది" అని చెప్పే రంగు. నాదారినాది గారి ఇబ్బందికి అదే జవాబు.

నాదారినాది
ఆకుపచ్చ కర్ర పట్టుకుంటే ట్రెక్కింగ్‌కి వెళ్తున్నావా అంటారు సార్. తెల్లదే ఏంటో తెలియని జనానికి రంగులు నేర్పుతారా?

సొరంగం
ఇది మాత్రం నిజం.

అమ్మ_ఒకరు
మా అబ్బాయికి పదహారు. కర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుని సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు, ముక్కుకి ఆనించి. ఎదురుగా ఉన్నాయన వీడియో తీసి "గుడ్డివాడి వేషం" అని పెట్టాడు. కాలనీలో అందరి ఫోన్లకీ వచ్చింది. రంగు గురించి మీరు వాదించుకోండి. వాడు మాత్రం ఇంక కర్ర ముట్టుకోవట్లేదు. అందుకే ఇప్పుడు నేనే స్టేషన్ దాకా దింపి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంటున్నాను.

చేతికర్ర
అమ్మా, ఆ వీడియో తీసినవాడిని వదలకండి, ఫిర్యాదు ఇవ్వండి. ముద్రించిన అక్షరం ముక్కు దగ్గర చదవగలిగినవాడికి మెట్టు అంచు కనబడకపోవచ్చని ఎంతమందికి తెలుసు? కానీ దింపడం తగ్గించండి. పదహారేళ్ళవాడు.

అమ్మ_ఒకరు
మీ పిల్లాడైతే తెలిసేది.

చేతికర్ర
నేనే ఆ పిల్లాడిని అమ్మా, వయసు పెరిగింది అంతే. మా అమ్మ కూడా దింపేది.

నాదారినాది
ఇదిగో, తల్లి మీద కూడా క్లాసు. ఈయనకి ఎవరూ సరిపోరు.

చేతికర్ర
నువ్వు కోచ్‌ల మధ్య ఖాళీ గురించి ఒక్క ముక్క మాట్లాడు, అప్పుడు సరిపోతావు.

నిర్వాహకుడు
ఇద్దరూ ఆపండి. రెండు పోస్టులు తీసేశాను. వ్యక్తిగతంగా వెళ్తే చర్చ మూసేస్తా.

గచ్చునేల
కర్ర ఉన్నా లేకున్నా అందరూ నడవాల్సింది నేల మీదే కదా, దాని గురించి ఎవరూ రాయరేం? స్టేషన్ నేలలో కాలికీ కర్రకీ తగిలే ఉబ్బు పలకలు వేస్తారు. వాటి మీద పొడుగు గీతలుంటే "ఇటు నడువు", గుండ్రటి బుడిపెలుంటే "ఆగు, ముందు ఏదో ఉంది". సెయిచి మియాకే అనే జపాన్ ఆయన 1965లో తయారుచేశాడు, 1967లో ఒకాయామాలో అంధుల బడి దగ్గర మొదటిసారి వేశారు. పసుపు పెట్టింది ఎవరికనుకున్నారు? పూర్తిగా చూపు లేనివాళ్ళకి రంగుతో పనేముంది, అది మనకోసం. మా స్టేషన్‌లో అందం చెడుతుందని బూడిదరంగు గ్రానైట్ మీద స్టీలు బుడిపెలు కొట్టారు. లైటు పడితే నేలంతా మెరుపే, బుడిపె ఏదో నేల ఏదో తెలియదు. అడిగితే "రూల్ ప్రకారం వేశాం సార్" అన్నారు. వేశారు, నిజమే. దాని మీదే సెక్యూరిటీ టేబుల్ కూడా వేశారు.

సొరంగం
మా దగ్గర పసుపు గీత నేరుగా వెళ్ళి స్తంభానికి గుద్దుకుంటుంది. స్తంభం తర్వాత వచ్చిందట.

జూమ్‌రాజా
పలకలు అవసరం లేదు నాకు. మెట్లు, అడుగులు లెక్కపెట్టుకుంటాను. స్టేషన్ మొత్తం నోటికి వచ్చు.

శిక్షకుడు_పాత
అడుగుల లెక్క ఎవరికీ నేర్పం. ఎవరో పలకరిస్తే లెక్క పోతుంది, హడావుడిగా ఉంటే అడుగు పొడుగవుతుంది. మారనివి గుర్తుపెట్టుకోవాలి. ఎస్కలేటర్ చప్పుడు, గేట్ల బీప్, బయటి గాలి తగిలే చోటు, నేల గరుకు మారే చోటు.

జూమ్‌రాజా
మీరు పుస్తకం చదివి చెబుతున్నారు, నేను నడిచి చెబుతున్నా.

శిక్షకుడు_పాత
కళ్ళకు గంతలు కట్టుకుని శిక్షణ తీసుకున్నాకే మాకు పనిచ్చారు బాబూ.

పక్కచూపు
అందరికీ నమస్కారం. కోచ్‌ల మధ్య ఖాళీ సంగతి నాకు తోచనే లేదు, దానికి థాంక్స్. కానీ నేను అడిగినవాటిలో గేటు, టికెట్ మెషీన్, లిఫ్టు ఎవరూ ముట్టుకోలేదు.

రెండోకోచ్
గేటుకి స్మార్ట్ కార్డే మంచిది. క్యూఆర్ టికెట్ అయితే ఆ చిన్న గాజు ఎక్కడుందో చూసి సరిగ్గా ఎదురుగా పెట్టాలి, స్క్రీన్ వెలుతురు తక్కువైతే చదవదు. కార్డుని ఆ చుట్టుపక్కల ఆనిస్తే చాలు, బీప్ వస్తుంది. సామాన్లకీ వీల్‌చెయిర్లకీ ఉండే వెడల్పు గేటు వాడండి, సాధారణంగా చివర్లో ఉంటుంది, కౌంటర్ పక్కనే. రీచార్జ్ ఫోన్లో టాక్‌బ్యాక్‌తోనో వాయిస్‌ఓవర్‌తోనో (తెర మీద ఉన్నది చదివి వినిపించేవి) ఇంట్లో చేసుకోండి, మెషీన్ మొహం చూడక్కర్లేదు. లిఫ్టుకి చిట్కా లేదు, మొదటి రోజు సిబ్బందిని అడగడమే. అడిగేటప్పుడు "అటు" అని చెయ్యి చూపిస్తారు, "మాటల్లో చెప్పండి, నాకు చెయ్యి కనబడదు" అనండి. దిగే స్టేషన్‌కి కబురు పెట్టమని కూడా అడగొచ్చు, చాలాచోట్ల పెడతారు.

ఇంకోటి. ఎస్కలేటర్ పైకో కిందకో చూసి తేల్చుకోలేకపోతే, కాలు పెట్టేముందు పక్కన ఆగి రబ్బరు పట్టీ మీద చెయ్యి పెట్టండి. మీ వైపు వస్తుంటే అది మీది కాదు.

నాదారినాది
ఒక్కరైనా అడిగినదానికి జవాబు చెప్పారు. ఏ పక్క తలుపులు తెరుస్తారో అనౌన్స్ చేస్తారు కదా, అది కూడా వినిపించకుండా మా లైన్లో మధ్యలో ప్రకటనలు వేస్తున్నారు. ఇయర్‌ఫోన్లు రెండు చెవులకీ పెట్టుకోకండి.

శిక్షకుడు_పాత
ప్లాట్‌ఫాం తలుపులు కొత్త విడ్డూరం కాదు, 1961లోనే లెనిన్‌గ్రాడ్ మెట్రోలో పెట్టారు. అవి ఉంటే ఈ గొడవలో సగం ఉండదు.

సొరంగం
మొదలైంది చరిత్ర పాఠం.

పక్కచూపు
రెండోకోచ్ గారూ, కార్డు తీసుకున్నా. ఆదివారం పొద్దున రద్దీ లేనప్పుడు ఒక్కణ్ణే వెళ్ళి, ఎక్కకుండా ముందు ఒక స్టేషన్ మొత్తం తిరిగి వస్తాను. కర్ర గురించి ఇంకా ఏమీ అనుకోలేదు. సొరంగం గారూ, ఆ పసుపు ఫిల్టర్లు పవర్ కళ్ళజోడు మీద తగిలించుకునేవి దొరుకుతాయా?

సొరంగం
దొరుకుతాయి, క్లిప్ రకం ఉంది, కళ్ళజోడు మీంచి పెట్టుకునే పెద్దవీ ఉన్నాయి. పెద్దవే తీసుకోండి, పక్కల నుంచి వెలుతురు రాదు. రంగు మాత్రం వేసుకుని మెట్ల దగ్గర నిలబడి చూశాకే కొనండి, షాపు లైట్లలో అన్నీ బానే ఉంటాయి.

చేతికర్ర
అమ్మ_ఒకరు గారూ, విడిగా మెసేజ్ పెట్టాను, చూడండి. ఫిర్యాదు ఎలా రాయాలో అందులో ఉంది.