‘సర్కారు’ కోస్తా ఒక్కదానికే పేరుగా ఎందుకు నిలిచింది?

ప్రశ్న

కృష్ణా, గోదావరి జిల్లాలవారిని పాత తరంవారు ‘సర్కారు వాళ్ళు’ అనడం విన్నాను. అదే మాటను ‘సర్కారు బడి’, ‘సర్కారు దవాఖాన’ అన్నచోట ప్రభుత్వం అన్న అర్థంలో వాడుతున్నాము. రెండింటికీ మూలం ఒక్కటేనా? ఒక్కటే అయితే, ప్రభుత్వాన్ని సూచించే మాట ఒక్క తీరప్రాంతానికే పేరుగా ఎందుకు మిగిలిందో పెద్దలు వివరించగలరు.

సమాధానం

మూలం ఒక్కటేనండి. పారశీకంలో ‘సర్’ అంటే తల, ‘కార్’ అంటే పని. సర్దారులోనూ సర్పంచిలోనూ ఉన్నది ఆ ‘సర్’. కార్ఖానాలో ఉన్నది ఆ ‘కార్’. పని నడిపించే పెద్ద, ఆ పెద్ద కొలువు, ఆ కొలువుకు శిస్తు కట్టే నేల, ఇలా అర్థం ఒకదాని నుంచి ఒకదానికి పాకింది. మొగలు పాలనలో రాష్ట్రం వంటి సుబా కింద సర్కారు, సర్కారు కింద పరగణా ఉండేవి. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించిన తరువాత మన ప్రాంతం హైదరాబాదు సుబాగా మొగలు లెక్కలలోకి ఎక్కింది. తీరం పొడవునా శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరమని కూడా పిలిచిన కొండపల్లి, ముర్తజానగరమని కూడా పిలిచిన కొండవీడు (తరువాతి గుంటూరు) అనే ఐదు సర్కారులు ఉండేవి.

అయితే వరంగల్లు, ఎలగందుల, మెదక్ కూడా ఆనాటి సర్కారులే. వాటిని నేడు ఎవరూ ఆ పేరుతో పిలవరు. కాబట్టి మీ ప్రశ్నలోని రెండవ భాగానికి జవాబు నిఘంటువులో దొరకదు, సంధిపత్రాలలో దొరుకుతుంది. తీరంలోని సర్కారులు మాత్రమే సుబా నుంచి విడిపోయి, ఒక మూటగా ఒక చేతి నుంచి మరొక చేతికి మారాయి. ఆ మూటకు పేరు కావలసి వచ్చి ‘ఉత్తర సర్కారులు’ అన్నారు. ఇక్కడ ‘ఉత్తర’ అన్న విశేషణాన్ని గమనించాలి. హైదరాబాదు నుంచి చూస్తే ఈ నేల తూర్పున ఉంది; ఢిల్లీ నుంచి చూస్తే దక్షిణాన ఉంది. చెన్నపట్నంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి సెంట్ జార్జి కోటలో నిలబడి చూసేవారికి మాత్రమే ఇది ఉత్తరం. ఈ పేరు ఎవరి లెక్కల పుస్తకంలో పుట్టిందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

చేతులు మారడానికి కారణం సైన్యం జీతం. 1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో సలాబత్ జంగు హైదరాబాదు గద్దె ఎక్కాడు. బుస్సీ సేన అక్కడే ఉండిపోయింది, దానికి నెలనెలా జీతం ఇవ్వాలి, ఖజానాలో సొమ్ము లేదు. 1753లో శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి సర్కారుల శిస్తును ఆ సేన పోషణకై ఫ్రెంచివారికి రాసి ఇచ్చారు. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు ఫ్రెంచి ఫిరంగులు ఎందుకున్నాయన్న ప్రశ్నకు ఇదే జవాబు. విజయనగరం, బొబ్బిలి సంస్థానాల పగను, తాండ్ర పాపారాయుని సాహసాన్ని మనం తరతరాలుగా చెప్పుకున్నాము గాని, ఆ పగ మధ్యకు బుస్సీని నడిపించిన శిస్తు బాకీలను అంతగా చెప్పుకోలేదు.

మరుసటి సంవత్సరమే విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించాడు; 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. అప్పటికి ఐరోపాలో ఏడేండ్ల యుద్ధం నడుస్తున్నది. కెనడా, కరిబియన్ దీవులు, బెంగాలు, మచిలీపట్నం అన్నీ ఒకే పోరులోని రంగాలు. ప్రపంచయుద్ధం అన్న మాటను మనం 1914 తరువాతి కాలానికే కేటాయించుకున్నాము గాని, గొల్లప్రోలు చుట్టుపక్కల రైతులు దానిని అంతకు ముందే చూశారు.

ఆ పైన జరిగినది కాగితాల పని. ఢిల్లీలో కాలు పెట్టలేక అలహాబాదులో కాలక్షేపం చేస్తున్న మొగలు చక్రవర్తి షా ఆలం చేత 1765లో కంపెనీ తరఫున క్లైవు బెంగాలు దివానీ (శిస్తు వసూలు హక్కు)తోపాటు ఈ సర్కారులకు కూడా ఫర్మానా రాయించుకున్నాడు. అప్పటి హైదరాబాదు పాలకుడు నిజాం అలీ దానికి ఒప్పుకోలేదు. 1766 నవంబరులో హైదరాబాదులో సంధి కుదిరింది. కంపెనీ తరఫున అక్కడ మాట నడిపినవాడు దుబాసీ (రెండు భాషల మధ్యవర్తి) కాండ్రేగుల జోగిపంతులు. కంపెనీ నిజాముకు ఏటా పేష్కషు, అంటే కప్పం, కట్టే కౌలుదారు అయింది. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగు కింద ఉండిపోయి, ఆయన 1782లో చనిపోయిన తరువాత, 1788లో కంపెనీకి చేరింది.

చివరి అంకం 1823లో జరిగింది. అప్పటికి నిజాం ప్రభుత్వం పామర్ కంపెనీ అనే హైదరాబాదు వడ్డీ వ్యాపార సంస్థకు అప్పుపడి ఉంది. ఆ అప్పులో కొంత ఇంగ్లీషు అధికారులు నడిపే నిజాం సేన జీతాలకు అయినదే. ఏటా రావలసిన 7 లక్షల రూపాయల పేష్కషును నిజాం శాశ్వతంగా వదులుకున్నాడు, కంపెనీ అతనికి 1,16,66,666 రూపాయలు ఇచ్చింది, ఆ సొమ్ము పామర్ బాకీకి పోయింది. ఆ అంకె వింతగా కనిపిస్తుంది గాని, 7 లక్షలు నూటికి 6 వడ్డీగా రావాలంటే ఎంత అసలు కావాలో లెక్క వేస్తే సరిగ్గా అంతే వస్తుంది. ఐదు సర్కారుల మీద మిగిలిన హక్కుకు ధర కట్టిన తీరు అది.

ఈ దృష్టితో చూస్తే మన కచేరీ మాటలన్నీ వేరుగా వినిపిస్తాయి. ‘తహసీలు’ అంటే వసూలు. తహసీల్దారు అంటే వసూలు చేసేవాడు. ‘కలెక్టరు’ అన్నా అదే అర్థం. ఒకటి మొగలు కాలపు మాట, ఒకటి కంపెనీ మాట. కుల ధ్రువీకరణ పత్రానికైనా, వరద సాయానికైనా నేటికీ మనం వెళ్ళేది ఈ ఇద్దరి దగ్గరికే. ‘సరంజామా’ను ఇప్పుడు వంట సామగ్రికి కూడా వాడుతున్నాము, మరాఠా పాలనలో ‘సరంజాం’ అంటే సేనను పోషించడానికి సర్దారుకు రాసి ఇచ్చిన శిస్తు.

మరొక సభ్యురాలి అభ్యంతరం

వివరణ బాగుంది గాని, తెలంగాణ వాడుకను ఇందులో కలపడం సరికాదని నా అభిప్రాయం. మాకు సర్కారు అంటే ‘సర్కారె ఆలీ’, అనగా నిజాం ప్రభుత్వం. అది కంపెనీ కాగితాల నుంచి వచ్చినది కాదు. అదీగాక, రాయలసీమ కూడా నిజాం నుంచి కంపెనీకి పోయినదే కదా. దానికి సర్కారు అన్న పేరు ఎందుకు రాలేదు?

సమాధానం

మొదటి మాట పూర్తిగా ఒప్పుకుంటాను. తెలంగాణలో ఆ మాట కొలువు అన్న అర్థం నుంచి నేరుగా ప్రభుత్వానికి వచ్చింది. తీరంలో ‘నేల’ అన్న అర్థం గడ్డకట్టిపోయింది. ఒకే మాటకు రెండు దారులు ఉన్నాయనడం నా సమాధానానికి బలమే.

రాయలసీమ సంగతికి వస్తే, దానికి వచ్చిన పేరు ఇంకా సూటిగా ఉంది. 1792లోనూ 1799లోనూ టిప్పు నుంచి తన వంతుగా పొందిన సీమలను నిజాం 1800 అక్టోబరు సంధిలో కంపెనీకి వదిలిపెట్టాడు. తన రాజ్యంలో నిలిపిన కంపెనీ సైన్యపు ఖర్చుకు బదులుగా ఇచ్చినవి కనుక అవి ‘సీడెడ్ జిల్లాలు’, తెలుగులో ‘దత్త మండలాలు’ అయ్యాయి. థామస్ మన్రో అక్కడ ప్రధాన కలెక్టరుగా రైతు నుంచి నేరుగా శిస్తు తీసుకునే రైతువారీ పద్ధతిని నెలకొల్పిన కథ వేరుగా చెప్పుకోవలసినది. ఇచ్చిన ఆయన, పుచ్చుకున్న ఆయన ఇద్దరూ పోయినా ‘దత్త’ అన్న పేరును అక్కడివారు ఒక శతాబ్దానికి పైగా మోశారు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అన్న పేరు సూచించిన తరువాతనే అది క్రమంగా మరుగునపడింది. కోస్తావారు మాత్రం తమ పేరును మార్చుకోవాలని అంతగా పట్టుబట్టలేదు. ‘సర్కారు’లో అవమానం వినిపించకపోవడమే అందుకు కారణమని నా ఊహ. 1853లో నిజాం రాజ్యంలోని బేరారు కూడా ఇదే తీరున, సేన జీతాల బకాయి కింద, కంపెనీ చేతికి పోయింది. ఈ పద్ధతి మన దేశానికే పరిమితం కాదు. 1881లో అప్పుల కింద ఉస్మానియా తుర్కుల పన్నులలో కొన్నింటి వసూలు ఐరోపా రుణదాతల సంస్థ చేతికి పోయింది.

ఇక ఆ దత్త మండలాల సొమ్ముతో పోషించిన సైన్యం ఎక్కడ విడిసిందో మీకు తెలియనిది కాదు. ‘లష్కరు’ అంటే దండు. సికందరాబాదుకు ‘లష్కరు’ అన్న పేరు వచ్చినది ఆ దండు వల్లనే. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళికి ఎత్తే బోనాలను ఇప్పటికీ లష్కరు బోనాలు అంటారు. ఈ సమూహంలో సికందరాబాదు సభ్యులు ఎవరైనా ఉంటే, ఆ మాట నేడు ఏ పేటల వరకు వాడుకలో ఉన్నదో చెప్పగలరు.